ఆరో సూన

మనుస్మృతి మూడో అధ్యాయంలో గృహస్థుడి గురించి ఒక కఠినమైన మాట ఉంది. ప్రతి ఇంట్లోనూ అయిదు వధ్యస్థలాలు ఉంటాయట: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ల బిందె. వీటిని పంచసూనలన్నారు. పుల్లలతో పాటు వాటిలో దాక్కున్న పురుగు కాలిపోతుంది, పప్పుతో పాటు పప్పులోని పురుగు నలిగిపోతుంది, చీపురు కింద చీమలు చస్తాయి, బిందె దించిన చోట ఏదో ప్రాణి అణిగిపోతుంది. ఆ ఇంటివాళ్లు ఎవరినీ చంపాలనుకోలేదు. కడుపు నింపుకోవాలనుకున్నారు, ఇల్లు శుభ్రంగా ఉంచుకోవాలనుకున్నారు, అంతే. అయినా ఆ దోషం వాళ్లదేనని శాస్త్రం తేల్చింది. అలాగని వంట మానెయ్యమనలేదు. కావాలని చేసింది కాదు గనుక పట్టించుకోనక్కర్లేదనీ అనలేదు. ఏ రోజు బాకీ ఆ రోజు తీర్చుకొమ్మని అయిదు మహాయజ్ఞాలను నిత్యవిధిగా పెట్టింది: వేదం చెప్పడం, పితరులకు తర్పణం, దేవతలకు హోమం, భూతాలకు బలి, అతిథికి అన్నం. దోషం తప్పనిదే కావచ్చు, దాని బాధ్యత నుంచి మాత్రం తప్పుకోకూడదన్న ఈ ఆలోచన మన ఊళ్లకు ఇప్పుడు మరో చోట అవసరమైంది. ఊరి మురుగును శుభ్రం చేసే కేంద్రం గృహస్థుడి ఆరో సూన అని నా వాదన. ఏలూరు, తాడేపల్లిగూడెం, వాటి దిగువన కొల్లేరు, ఈ మూడింటినీ కలిపి చూస్తే ఆ వాదన ఎంత దూరం నిలుస్తుందో తెలుస్తుంది.

ముందు ఆ కేంద్రంలో ఏం జరుగుతుందో చూడాలి. అక్కడ నీటిని శుభ్రం చేసేది యంత్రం కాదు, బ్యాక్టీరియా. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రూపొందించిన యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతే ఈనాటికీ ప్రపంచంలోని చాలా శుద్ధి కేంద్రాలకు ఆధారం. మురుగులోకి గాలి ఊదుతారు. అడుగుకు దిగిన బురదను పారేయకుండా మళ్లీ తొట్టిలోకే తిప్పి పంపుతారు, ఎందుకంటే ఆ బురదంతా బతికున్న బ్యాక్టీరియా ముద్దలే. తొట్టి గట్టు మీద నిలబడితే కింద గోధుమరంగు నీళ్లు తెర్లుతున్నట్టు కనిపిస్తాయి. అంచుల్లో నురుగు పేరుకుంటుంది. సరిగ్గా నడిచే తొట్టిలో కుళ్లు కంపు ఉండదు, తడిమట్టి వాసన వస్తుంది. మనం తిన్న మాంసకృత్తుల్లోని నత్రజని అందులో అమ్మోనియాగా ఉంటుంది. దాన్ని తిని బతికే బ్యాక్టీరియా గాలి సాయంతో ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో ఈ జీవులను వేరుచేసి చూపించాడు. గాలి అందని చోట మరో రకం బ్యాక్టీరియా ఆ నైట్రేటునే శ్వాసగా వాడుకుని, మెట్టు మెట్టుగా దించుకుంటూ చివరికి మామూలు నత్రజని వాయువుగా గాలిలోకి వదిలేస్తాయి. మనం పీల్చే గాలిలో అయిదింట నాలుగు పాళ్లు అదే కాబట్టి దానివల్ల ఎవరికీ హాని లేదు. చిక్కంతా ఆఖరి మెట్టుకు ముందున్న మెట్టు దగ్గర ఉంది. అక్కడి పదార్థం నైట్రస్ ఆక్సైడ్, ఆస్పత్రిలో మత్తుకు వాడే వాయువు. గాలి చాలీచాలకుండా ఉన్నా, నైట్రైటు పేరుకుపోయినా, ఆ బ్యాక్టీరియాకు తిండిగా సేంద్రియ పదార్థం సరిపోకపోయినా పని అక్కడే ఆగిపోతుంది, వాయువు తప్పించుకుంటుంది. కరెంటు బిల్లు తగ్గించాలని రాత్రిపూట బ్లోయర్ తగ్గిస్తే తొట్టి పైకి ఏ మార్పూ కనిపించదు, బయటికి పోయే నీరు కూడా ఎప్పటిలాగే తేటగా ఉండవచ్చు. మార్పు వచ్చేది పైకి లేచే బుడగల్లో.

వందేళ్ల లెక్కన చూస్తే ఒక కిలో నైట్రస్ ఆక్సైడ్ 273 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానంగా భూమిని వేడెక్కిస్తుందని వాతావరణ మార్పులపై ఏర్పడిన అంతర్జాతీయ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ తాజా అంచనా. అది గాలిలో వందేళ్లకు పైగా ఉంటుంది. ఓజోన్ పొరకు హాని చేసే ఉద్గారాల్లో ఈ శతాబ్దంలో అదే ముందుంటుందని మైసూరు విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఎ.ఆర్. రవిశంకర, ఆయన సహచరులు 2009లో చూపించారు. ఇక గాలి పూర్తిగా అందని చోట, అంటే సెప్టిక్ ట్యాంకులో, నిలిచిపోయిన మురుగు కాలువలో, చెరువు అడుగు బురదలో, పుట్టేది మీథేన్. కిలోకు కిలో చూస్తే అది బొగ్గుపులుసు వాయువుకు 27 రెట్లు, కానీ పన్నెండేళ్ల చుట్టుపక్కల విచ్ఛిన్నమైపోతుంది. ఒకటి తొందరగా తీరిపోయే బాకీ, ఇంకొకటి మునిమనవల దాకా పాకే బాకీ. ఈ తేడా ముందు ముందు పనికొస్తుంది.

కొల్లేటి దేశం ఈ ప్రశ్నకు తగిన చోటు ఎందుకైందంటే, ఇక్కడ నీరు పోవడానికి వేరే దిక్కు లేదు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా పల్లంగా ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు వచ్చి పడతాయి. బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే. తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలై ఊరిని చుట్టుకుని పోతుంది. అటు బుడమేరు విజయవాడ మురుగును మోసుకొస్తుంది. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, అయిదడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు; 2002లో అది రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2005, 2006ల్లో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను పేల్చేశారు. ఇంత జరిగినా ఆ సరస్సు అడుగున పేరుకునేదేమిటో, పైకి లేచేదేమిటో అన్న ప్రశ్న మన చర్చల్లో కనిపించదు. విస్తీర్ణం గురించి వాదించుకున్నాం, పక్షుల గురించి, పట్టాల గురించి, వరద గురించి వాదించుకున్నాం. కొల్లేటి బాధల జాబితా కొల్లేటి చాంతాడంత ఉంది, అందులో గాలి మాత్రం లేదు.

నీటిని మైల చెయ్యకూడదని చెప్పని మతం ఈ నేల మీద లేదు. గోదావరి జిల్లాల్లో సూర్యనమస్కారాలతో కలిపి పారాయణ చేసే అరుణ ప్రశ్నలో, దాని చివరి భాగానికి దగ్గర్లో, నీళ్లలో మలమూత్రాలు విడవరాదు, ఉమ్మరాదు అన్న విధి ఉంది. మనుస్మృతి నాలుగో అధ్యాయం అదే చెబుతుంది. బౌద్ధ భిక్షువులు పాటించవలసిన సేఖియ నియమాల్లో ఆఖరిది కూడా సరిగ్గా ఇదే. నిలవ నీటిలో మూత్ర విసర్జన చెయ్యవద్దని మహమ్మదు ప్రవక్త ఆదేశించినట్టు బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండూ నమోదు చేశాయి. బైబిలు ద్వితీయోపదేశకాండం శిబిరం వెలుపల గొయ్యి తవ్వి కప్పిపెట్టమంటుంది. ఏలూరులో గుడి, మసీదు, చర్చి మూడూ ఉన్నాయి. మూడింటి బోధా ఈ విషయంలో ఒక్కటే. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మను జలదుర్గగా కొలుస్తారు, ఫాల్గుణ మాసంలో జాతరకు లంకల నుంచీ ఒడ్డు ఊళ్ల నుంచీ జనం వస్తారు. నీటి మీద భక్తికి ఇక్కడ కొరత లేదు. ఆ భక్తి అబద్ధమని నేననుకోను. అయితే ఈ నియమాలన్నీ కంటికి కనిపించే మలినం గురించి, ఒక మనిషి ఒక చోట చేసే పని గురించి చెప్పినవి. నీళ్లలో కాకుండా మట్టిలో, ఊళ్లో కాకుండా బయట, ఇక్కడ కాకుండా అక్కడ. జనం పలచగా ఉన్న కాలంలో ఆ దూరమే శుద్ధిగా పనిచేసింది, మట్టిలోని బ్యాక్టీరియాకు తమ పని ఆఖరి మెట్టు దాకా చేసుకునే వ్యవధి దొరికింది. రెండు లక్షలు దాటిన ఏలూరుకు, లక్ష దాటిన తాడేపల్లిగూడేనికి ఆ 'అక్కడ' ఇక లేదు. ఊరి బయట అనుకున్నది ఇంకొకరి ఊరు, కాలువ చివర అనుకున్నది కొల్లేరు, ఆవిరైపోయింది అనుకున్నది అందరి ఆకాశం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ వాయువును వదిలేది బ్యాక్టీరియా. అమ్మోనియా తినడం, నైట్రేటును శ్వాసించడం వాటి స్వభావం. వాటిలో మంచీ లేదు, చెడూ లేదు. మరి ఆ ఉద్గారం ఎవరి కర్మ? మన వేదాంత సంప్రదాయంలో ఒక జవాబు చప్పున తోస్తుంది: గుణాలు గుణాల్లో వర్తిస్తున్నాయి, ప్రకృతి తన పని తాను చేసుకుంటోంది, నేను కర్తను కాను. వినడానికి గంభీరంగా ఉంటుంది గానీ ఇక్కడ ఆ జవాబు చెల్లదు. గీతలోని ఆ బోధ ఫలాసక్తి వదులుకోవడానికి చెప్పింది, బాధ్యత వదులుకోవడానికి కాదు. అదే గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పనికైనా అయిదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, దైవం. తానొక్కడే కర్తననుకునేవాడికి సరైన చూపు లేదంటుంది, నిజమే; కానీ కర్తను జాబితాలోంచి కొట్టెయ్యలేదు. శుద్ధి కేంద్రానికి ఈ అయిదింటినీ అన్వయించి చూడండి. తొట్టి అధిష్ఠానం. దాని లోతు, వెడల్పు, నీరు అందులో ఎన్ని గంటలు నిలుస్తుందన్నది మనిషి నిర్ణయించాడు. బ్లోయర్లు, పంపులు, బ్యాక్టీరియా కరణాలు. గాలి ఎంత, బురద ఎంత తిప్పాలి అన్నవి చేష్టలు, అవీ మనిషివే. ఎండ, వాన, అనుకోని రసాయనం వచ్చి పడటం దైవం. ఒకే బ్యాక్టీరియా ఒక తొట్టిలో తక్కువ వాయువునూ, ఇంకో తొట్టిలో పది రెట్లనూ వదులుతుంది. స్వభావం మారలేదు, పరిస్థితి మారింది. పరిస్థితిని కల్పించినవాడిని మన భాషలో కారయిత అంటాం. చేసినవాడితో పాటు చేయించినవాడికీ, ప్రేరేపించినవాడికీ, సరేనని ఊరుకున్నవాడికీ ఫలంలో వాటా ఉందన్న మాట పురాణ ప్రవచనాల్లో వినని తెలుగువాడు ఉండడు. ఆ సూత్రానికి ఇంతకంటే సరిపోయే సందర్భం నాకు తెలియదు, ఎందుకంటే ఇక్కడ చేసినదానికి మనసే లేదు. వాటా అంతా మిగిలిన ముగ్గురిదే.

బౌద్ధం వైపు నుంచి వచ్చే ఆక్షేపణ ఇంతకంటే బలమైంది. ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలోని గుంటుపల్లి గుహలు క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్ది నాటివి. అక్కడ ఉన్న భిక్షువులను ఈ ప్రశ్న అడిగి ఉంటే, కర్మ అంటే చేతన, అంటే సంకల్పం అని జవాబు చెప్పేవారు. సంకల్పం లేని చోట కర్మ లేదు. గృహిణి వాయువు వదలాలని మరుగుదొడ్డిలో నీళ్లు పొయ్యలేదు, ఇంజనీరు వదలాలని తొట్టి కట్టలేదు. అయితే అదే భిక్షువులు నీళ్లు వడకట్టుకునే గుడ్డను తమ కొద్దిపాటి వస్తువుల్లో ఒకటిగా వెంట ఉంచుకునేవారు. నీటిలో ప్రాణులున్నాయని తెలిసి కూడా ఆ నీటిని గడ్డి మీదో మట్టి మీదో పొయ్యడం వినయపిటకం ప్రకారం దోషం. ఆ నియమానికి ప్రాణం 'తెలిసి' అన్నదే. తెలియనివాడిది దోషం కాదు. తెలిసినవాడు మాత్రం, చంపాలని నేననుకోలేదు, నీళ్లు పొయ్యాలనుకున్నానంతే అని తప్పించుకోలేడు. తెలిసిన క్షణం నుంచి ఆ జ్ఞానం సంకల్పంలో భాగమైపోతుంది. ముప్పై నలభై ఏళ్ల కిందట ఒక పురపాలక సంఘం ఈ వాయువు గురించి ఎరగనంటే నమ్మవచ్చు. ఈరోజు ఆ మాట చెల్లదు. కొలిచే పద్ధతులు, లెక్కించే సూత్రాలు అచ్చులో ఉన్నాయి. చేతనావాదం మనల్ని విడిచిపెడుతుందనుకున్న చోటే మరింత గట్టిగా పట్టుకుంటోంది.

అయితే అసలు శుద్ధి చెయ్యకపోతే పోలేదా, వాయువే పుట్టదు కదా అనేవారుంటారు. దీనికి జవాబు తర్కంతో కాదు, లెక్కతో చెప్పాలి. ఐపీసీసీ 2019లో సవరించిన గుణకాలతో, రెండు లక్షల మంది ఊరిని ఉదాహరణగా తీసుకుందాం. మన దేశంలో మనిషి నుంచి రోజుకు 34 గ్రాముల బీఓడీ, అంటే కుళ్లడానికి అంతమేర ప్రాణవాయువు కోరే సేంద్రియ పదార్థం, మురుగులోకి వస్తుందని ఆ లెక్క, ఊరంతటికీ 6.8 టన్నులు. రోజుకు అరవై గ్రాముల మాంసకృత్తులు తింటే దాదాపు పది గ్రాముల నత్రజని. ఊరంతటికీ రెండు టన్నులు. ఈ మురుగంతా యథాతథంగా ప్రాణవాయువు కరువైన సరస్సులో కలిస్తే, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కలిపి రోజుకు సుమారు 37 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానం. అందరివీ సెప్టిక్ ట్యాంకులే అయితే ఒక్క మీథేనే 55 టన్నులకు సమానం. బాగా నడిచే గాలి తొట్టి కేంద్రమైతే 17 టన్నులు. దాటిపోయే నత్రజనికీ, బ్లోయర్ల కరెంటుకూ ఇంకో పది టన్నులు కలిపినా సరస్సులో వదిలేసినదానికంటే తక్కువే. ఇక జబ్బులు, చచ్చిన చేపలు ఈ లెక్కలోకి రానేలేదు. కాబట్టి శుద్ధి చెయ్యాలి. పొయ్యి ఆర్పెయ్యమని శాస్త్రం చెప్పనట్టే, ఇక్కడా తొట్టి మూసెయ్యడం జవాబు కాదు. కానీ ఈ లెక్కలో ఇంకో సంగతి ఉంది, నన్ను ఎక్కువగా కలతపెట్టేది అదే. శుద్ధి చెయ్యని ఊరి బాకీలో పెద్ద వాటా మీథేన్. శుద్ధి చేసే ఊరి బాకీలో పెద్ద వాటా నైట్రస్ ఆక్సైడ్. మొత్తం తగ్గింది, గడువు పెరిగింది. మనం నీటిని శుభ్రం చేసుకున్నందుకు అయ్యే ఖర్చులో కొంత, ఇంకా పుట్టనివాళ్ల పద్దులో పడుతోంది. ఋణాన్ని పితృఋణంగా, వెనక్కి చూసి తీర్చేదిగా నేర్చుకున్నాం. ముందుకు పోయే ఋణానికి మనకు తర్పణం లేదు.

కొల్లేరు తనంతట తానే మీథేన్ వదిలేది కదా, చిత్తడి నేల స్వభావమే అది కదా అని మరో ఆక్షేపణ. నిజం. దోనె నడిపే వెదురు గడను అడుగు బురదలో దించి కదిపితే నల్లటి మన్ను రేగి, గడ చుట్టూ బుడగలు బిలబిలా పైకొస్తాయి. 1776లో వోల్టా ఇటలీలోని మజ్జోరే సరస్సు ఒడ్డున బురద కెలికి సేకరించి పరీక్షించింది ఈ వాయువునే. కిక్కిస, జమ్ము కుళ్లి పుట్టిన ఆ బుడగలో కొల్లేటికి దోషం అంటగట్టడం అర్థం లేని పని. కానీ నేటి కొల్లేటి బురదలో ఉన్నది కిక్కిస ఒక్కటే కాదు. చేపల చెరువులో వేసిన మేతలోని నత్రజనిలో చేప ఒంట చేరేది మూడోవంతు కూడా ఉండదు, తక్కినదంతా నీళ్లలోకీ బురదలోకీ పోతుంది. తవుడు, నూనె తీసిన తవుడు, కోళ్ల పెంట, అన్నీ చేరి తెల్లవారుజామున ప్రాణవాయువు అడుగంటి, బొచ్చెలు, శీలావతులు నీటిపైకి తేలి నోళ్లు తెరుస్తాయి, రైతు పరుగున ఏరేటర్లు వేస్తాడు. ఆ చెరువు కూడా ఒక శుద్ధి తొట్టే, ఎవరూ శుద్ధి అని పేరు పెట్టని తొట్టి. ఇక ఆ నత్రజని మూలం చూద్దాం. కృష్ణా గోదావరి బేసిన్ సహజవాయువుతో కాకినాడ కర్మాగారంలో గాలిలోని నత్రజనిని యూరియాగా బిగించారు; యూరియా వరిచేలో పడింది, అన్నమై, తవుడై, మేతై మనిషి ద్వారానో చేప ద్వారానో నీళ్లలోకి వచ్చింది. యూరియాకు మూలమైన అమ్మోనియాను కర్మాగారంలో భారీ ఎత్తున తయారు చెయ్యడం 1913లో జర్మనీలో మొదలైంది. గీత మూడో అధ్యాయం వాన, అన్నం, ప్రాణులు, యజ్ఞం ఒకదాన్నొకటి నడిపే చక్రం గురించి చెబుతుంది. ఆ చక్రంలోకి మనం బయటి నుంచి నత్రజనిని తెచ్చి కలిపాం. బొగ్గుపులుసు వాయువు విషయంలో మాత్రం, వరి పీల్చుకున్నదే మన ఒంట్లోంచి తిరిగి పోతోంది కనుక లెక్కలోకి రాదన్న వాదన సరైనదే. నత్రజనికి ఆ మినహాయింపు దొరకదు.

మనుస్మృతిని ఈ వాదనకు పునాదిగా తెచ్చుకోవచ్చా అన్న ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. ఇంటి దోషం గృహస్థుడిదేనన్న ఆ గ్రంథమే మనుషుల్లో కొందరిని మైలగా నిర్ణయించింది. ఇంటి మలినాన్ని ఇంకొకరి తలకెత్తి, ఆ తలనే అంటరానిదన్న సమాజం దాని అండతోనే నడిచింది. 2013లో మలాన్ని చేతులతో ఎత్తే పనికి మనుషులను పెట్టడాన్ని నిషేధిస్తూ కొత్త చట్టం వచ్చిన తర్వాత కూడా మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో కార్మికులు ఊపిరాడక చనిపోతున్నారు. వాళ్లను చంపేది హైడ్రోజన్ సల్ఫైడు, మీథేన్, ప్రాణవాయువు లేని గాలి. అంటే నేను ఇంతసేపూ చెబుతున్న బ్యాక్టీరియా మూసి ఉన్న గుంతలో చేసిన పనే. ఆకాశంలో వందేళ్లకు వేడిగా తేలేదీ, గుంతలో నిమిషంలో ప్రాణం తీసేదీ ఒకే పరంపర. రెంటికీ మూలం ఒకే నమ్మకం: నా ఇల్లు శుభ్రమైతే చాలు, మలినం ఎక్కడికి పోయినా, ఎవరి మీద పడినా శుద్ధి పూర్తయినట్టే. పంచసూనల భావన ఆ నమ్మకాన్ని లోపలి నుంచే ఖండిస్తుంది. దోషాన్ని చీపురు పట్టినవాడి మీదికి నెట్టకుండా, ఇంటి యజమాని మీదే పెడుతుంది. అందుకే దాన్ని తీసుకుంటున్నాను, తక్కిన నిర్ణయాలను తిరస్కరిస్తూ. ఒక గ్రంథం తనలోని మంచి సూత్రాన్ని చివరిదాకా పాటించలేకపోతే ఆ సూత్రం చెడ్డదైపోదు. దాన్ని చివరిదాకా తీసుకెళ్లే పని మనకు మిగిలిందన్నమాట.

మరి ఈ సూనకు నిత్యవిధి ఏమిటి? విచిత్రమేమంటే విరుగుడు కూడా ఆ బ్యాక్టీరియా దగ్గరే ఉంది. నైట్రస్ ఆక్సైడును హానిలేని నత్రజనిగా మార్చే ఎంజైము వాటిలో చాలావాటికి ఉంది, దానికి కావలసిన లోహం రాగి. గాలి అందే దశలో గాలిని నిలకడగా ఇచ్చి, గాలి లేని దశలో తగినంత సేంద్రియ పదార్థం అందేలా చూసి, నైట్రైటు పేరుకోకుండా కనిపెట్టుకుని ఉంటే, అవే ఆఖరి మెట్టు దిగుతాయి. హెల్సింకీలో కొండరాతిని తొలిచి కట్టిన వీకిన్‌మాకి కేంద్రం మూసి ఉన్న చోటు కనుక, బయటికి పోయే గాలినంతా ఒక దారిన పంపి అందులోని నైట్రస్ ఆక్సైడును 2012 నుంచి నిరంతరాయంగా కొలుస్తున్నారు. అలా కొలిచాకే ఆ కేంద్రం నేరుగా వదిలే వాయువుల్లో పెద్ద భాగం ఇదేననీ, అది రోజుకో రకంగా, రుతువుకో రకంగా మారుతుందనీ స్పష్టమైంది. ఏడాదికి ఒకసారి నమూనా తీసి సంతృప్తి పడితే తెలిసే విషయం కాదిది. శాస్త్రం మహాయజ్ఞాలను నిత్యం చెయ్యమనడంలో ఉన్న వివేకం నాకు ఇక్కడ కనిపిస్తుంది. పర్వదినాన చేసే ప్రాయశ్చిత్తంతో తీరే దోషం కాదు. పొయ్యి రోజూ వెలిగేదైతే బాకీ కూడా రోజూ పుట్టేదే. తొట్టిలోని ప్రాణవాయువు మీటరు శుభ్రంగా ఉందా, రాత్రి షిఫ్టులో బ్లోయర్ ఆపారా, బురద నుంచి పుట్టిన మీథేన్‌ను పట్టి మండించి కరెంటు చేస్తున్నారా లేక గాలికి వదిలేస్తున్నారా, ఇవి చూసేవాడు ఊరి తరఫున ఒక యజ్ఞం చేస్తున్నవాడే. ఆ ఉద్యోగానికి ఇప్పుడు మనం ఇచ్చే గౌరవం, జీతం ఆ మాటకు తగినట్టు లేవు.

చివరి ఆక్షేపణ పేదరికం నుంచి వస్తుంది, అందులో నిజాయితీ ఉంది. 2021లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన లెక్క ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు పుట్టే మురుగు 72,368 మిలియన్ లీటర్లు, శుద్ధి అవుతున్నది 20,236 మిలియన్ లీటర్లు. మూడో వంతు కూడా శుద్ధి కాని దేశంలో, తాగునీటి కోసం డబ్బా నీళ్లు కొనుక్కునే లంక గ్రామాల పక్కన, నైట్రస్ ఆక్సైడు గురించి మాట్లాడటం విలాసం కాదా? ఏలూరు నుంచి లేచే ఆ కొద్ది టన్నులు ప్రపంచపు లెక్కలో ఎంత? ఎంతో కాదు. కానీ బిందె కింద నలిగిన చీమ కూడా ప్రపంచపు లెక్కలో ఎంతో కాదు. పంచసూనల లెక్క ఎప్పుడూ మొత్తాన్ని బట్టి కాదు, నా ఇంటిని బట్టి. పైగా ఇక్కడ ఆలస్యం కావడంలోనే ఒక అవకాశం ఉంది. కట్టేసిన కేంద్రాన్ని తిరగగట్టడం ఖరీదు, కట్టబోయేదాన్ని సరిగ్గా కట్టడం అంత ఖరీదు కాదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం, కైకలూరు, ఈ ఊళ్లకు రావలసిన శుద్ధి కేంద్రాల్లో చాలావాటికి ఇంకా గీతలు గీయాల్సే ఉంది. ఇప్పటి టెండరు పత్రాలు బయటికి వదిలే నీటిలో బీఓడీ ఎంత ఉండాలో చెబుతాయి. పైకి వదిలే గాలిలో ఏముండాలో, దాన్ని ఎవరు, ఎంత తరచుగా కొలవాలో కూడా అందులో ఒక పేరాగా చేర్చమని కౌన్సిల్ సమావేశంలో ఏ వార్డు సభ్యుడైనా అడగవచ్చు. సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించడం, లారీ ఆ బురదను రాత్రిపూట కాలువలో కాక శుద్ధి కేంద్రంలోనే దించిందని రసీదు అడగడం ఏ గృహస్థుడైనా చెయ్యగలడు. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉంది, అందులో సివిల్, బయోటెక్నాలజీ విభాగాలున్నాయి. తమ్మిలేరు పాయల్లో, చేపల చెరువుల గట్ల మీద, ఉప్పుటేరు మొదట్లో గాలిని పట్టే చిన్న గదులు తేల్చి ఏడాది పొడుగునా కొలవడానికి అక్కడి విద్యార్థులకు గంట రెండు గంటల ప్రయాణం చాలు. ఐపీసీసీ గుణకాలతో నేను పైన వేసిన లెక్క స్థానంలో కొల్లేటి సొంత లెక్క ఉండాలి, ఆ అంకెలు ఏలూరు నగరపాలక సంస్థ నోటీసు బోర్డు మీద నెలనెలా కనిపించాలి.